లినక్స్ సర్వర్లు, క్లస్టర్లు, కంటైనర్ల నిర్వహణ, పర్యవేక్షణ: తరచుగా అడిగే ప్రశ్నలు

ఒక సర్వర్ బాధ్యత కొత్తగా నా చేతికి వచ్చింది. మొదటి రోజు ఏమేం చూసుకోవాలి?

ముందుగా ఆ సర్వర్ ఎవరి కోసం ఏ పని చేస్తోందో ఒక్క వాక్యంలో రాసుకోండి. ఆ వాక్యం దొరక్కపోతే తరువాత చూసే ఏ అంకెకూ అర్థం ఉండదు. ఆపైన ‘అప్‌టైమ్’ కమాండ్ ఇచ్చి యంత్రం ఎన్నాళ్ళుగా ఆగకుండా నడుస్తోందో చూడండి. నాలుగు వందల రోజులని కనబడితే చాలామంది గర్వపడతారు కానీ నాకు మాత్రం గుబులు పుడుతుంది. అన్నాళ్ళుగా కొత్త కెర్నల్‌తో (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ లాంటి భాగంతో) యంత్రం మొదలు కాలేదనీ, రేపు రీబూట్ చేయాల్సి వస్తే సర్వీసులన్నీ వాటంతట అవే లేస్తాయో లేదో ఎవరికీ తెలియదనీ దాని అర్థం.

‘సిస్టమ్‌సీటీఎల్’తో విఫలమైన సర్వీసుల జాబితాను, ‘ఎస్ఎస్’తో తెరిచి ఉన్న పోర్టులను, ‘సుడోయర్స్’ ఫైల్‌లో రూట్ అధికారం ఉన్నవారి పేర్లను చూసుకోండి. సంస్థ వదిలి వెళ్ళినవారి పేర్లు అందులో ఇంకా ఉండడం చాలా మామూలు. ఆపరేటింగ్ సిస్టమ్ వెర్షన్ కూడా గమనించండి. సెంట్‌ఓఎస్ 8కు మద్దతు 2021 డిసెంబర్ 31తోనూ, సెంట్‌ఓఎస్ 7కు 2024 జూన్ 30తోనూ ముగిసింది. ఇంకా వాటి మీదే నడుస్తున్న యంత్రం మీ చేతికి వస్తే, రాకీ లినక్స్‌కో ఆల్మా లినక్స్‌కో మార్చే పనిని మొదటి నెలలోనే పెట్టుకోవడం మంచిది.

లోడ్ యావరేజ్ 40 చూపిస్తోంది, సీపీయూ మాత్రం ఖాళీగా ఉంది. ఇది ఎలా సాధ్యం?

లోడ్ యావరేజ్ సీపీయూ వాడకాన్ని కొలిచే అంకె కాదు కాబట్టి సాధ్యమే. లినక్స్‌లో ఈ లెక్కలోకి సీపీయూ మీద నడుస్తున్న ప్రాసెస్‌లు, సీపీయూ కోసం వరుసలో ఉన్నవి మాత్రమే కాక, డిస్క్ నుంచో నెట్‌వర్క్ నిల్వ నుంచో జవాబు కోసం మధ్యలో లేపడానికి వీల్లేని నిద్రలో ఉన్నవి కూడా వస్తాయి. 1993లో కెర్నల్‌లో చేసిన ఒక మార్పుతో ఈ పద్ధతి వచ్చింది. నెట్‌వర్క్ మీద ఫైళ్ళు అందించే ఎన్‌ఎఫ్‌ఎస్ సర్వర్ పలకడం మానేసిందనుకోండి, దాని మీద ఆధారపడిన ప్రాసెస్‌లు ఒక్కొక్కటిగా ఆ నిద్రలోకి జారుకుంటాయి, సీపీయూ చేతులు ముడుచుకుని కూర్చున్నా లోడ్ పెరుగుతూ పోతుంది. ‘పీఎస్’ జాబితాలో స్థితి చూపే వరుసలో ‘డి’ అన్న అక్షరం ఉన్నవన్నీ ఇవే. వాటికి సీపీయూ చేర్చినా ప్రయోజనం ఉండదు, నిల్వ దగ్గరికే వెళ్ళాలి.

వరుసగా కనబడే మూడు అంకెలు 1, 5, 15 నిమిషాలవి. మొదటిది పెద్దదిగా, మూడవది చిన్నదిగా ఉంటే ఇబ్బంది ఇప్పుడే మొదలైందని, తారుమారైతే తగ్గుముఖం పట్టిందని అనుకోవచ్చు. 2018 చివర వచ్చిన 4.20 కెర్నల్ నుంచి ‘ప్రెషర్ స్టాల్’ సమాచారం కూడా అందుబాటులో ఉంది. సీపీయూ, మెమరీ, డిస్క్ అన్న మూడింటిలో దేనికోసం పనులు ఎంత శాతం సమయం ఆగిపోయాయో అది విడివిడిగా చెబుతుంది. నా అనుభవంలో లోడ్ యావరేజ్ కంటే ఇది చాలా స్పష్టమైన అంకె, దీన్ని వాడేవారు ఇంకా తక్కువగా ఉండడం బాధాకరం.

‘ఫ్రీ’ కమాండ్ మెమరీ దాదాపు అయిపోయిందని చూపిస్తోంది. ర్యామ్ పెంచాలా?

‘ఫ్రీ’ అన్న వరుసను కాకుండా ‘అవైలబుల్’ అన్న వరుసను చూడండి. ఖాళీగా పడి ఉన్న మెమరీని లినక్స్ ఫైళ్ళ నకళ్ళు ఉంచుకోవడానికి వాడుకుంటుంది, ప్రోగ్రాములకు అవసరమైన వెంటనే ఆ చోటును తిరిగి ఇచ్చేస్తుంది. ఎంత మెమరీని ఇబ్బంది లేకుండా ఇవ్వగలదో కెర్నల్ స్వయంగా వేసే అంచనాయే ‘అవైలబుల్’, అది 2014లో 3.14 కెర్నల్‌తో వచ్చింది. అది తగ్గుతూ, ‘వీఎమ్‌స్టాట్’లో స్వాప్‌లోకి (మెమరీ చాలనప్పుడు డిస్క్ మీద వాడే చోటులోకి) వెళ్ళేవి, వచ్చేవి రెండూ ఆగకుండా కనబడుతుంటే అప్పుడు ర్యామ్ గురించి ఆలోచించండి.

డిస్క్ 100 శాతం నిండిందంటోంది, ఫైళ్ళన్నీ కూడితే సగం కూడా రావడం లేదు. మిగిలిన చోటు ఎక్కడికి పోయింది?

ఈ ప్రశ్నకు నేను కాస్త పెద్ద జవాబే చెప్పాలి, ఎందుకంటే ఒక రాత్రి మా బృందం దీని చేతిలోనే రెండు గంటలు నలిగింది. రూట్ విభాగం నిండిందని అలర్ట్ వచ్చింది. డ్యూటీలో ఉన్న సహోద్యోగి ‘/వార్/లాగ్’ కింద 60 జీబీకి పెరిగిన ఒక లాగ్ ఫైల్‌ను చూసి ‘ఆర్‌ఎమ్’తో తీసేశారు. ఫైల్ పోయింది కానీ డిస్క్ వాడకం చూపే ‘డీఎఫ్’ మళ్ళీ 100 శాతమే చూపించింది. ఆయన మరో నాలుగు పాత ఫైళ్ళు తీసేశారు, ఆ వచ్చిన కొద్దిపాటి చోటూ పది నిమిషాల్లో నిండిపోయింది.

జరిగింది ఏమిటంటే, ‘ఆర్‌ఎమ్’ తీసేది ఫైల్ పేరును మాత్రమే. ఏదైనా ప్రాసెస్ ఆ ఫైల్‌ను తెరిచి పట్టుకుని ఉన్నంతకాలం దాని దిమ్మెలు డిస్క్ మీద అలాగే ఉంటాయి. పేరు లేదు కనుక ఫైళ్ళ పరిమాణాలను కూడే ‘డీయూ’ లెక్కకు అందవు, చోటు ఆక్రమించే ఉన్నాయి కనుక ‘డీఎఫ్’ లెక్కకు అందుతాయి. మా అప్లికేషన్ కంటికి కనబడని ఆ ఫైల్‌లోనే ఇంకా రాస్తూ పోయింది. ‘ఎల్‌ఎస్‌ఓఎఫ్’ కమాండ్ ఇచ్చి వరుస చివర ‘డిలీటెడ్’ అని ఉన్నవాటిని వెతికితే పట్టుకున్న ప్రాసెస్ వెంటనే దొరుకుతుంది. దాన్ని రీస్టార్ట్ చేస్తే చోటు తిరిగి వస్తుంది. అసలు మొదటే ఫైల్‌ను తీసివేయకుండా ‘ట్రంకేట్’తో సున్నా చేసి ఉంటే ఆ రాత్రి అంత అవస్థ ఉండేది కాదు.

ఇదే లక్షణానికి మరికొన్ని కారణాలూ ఉన్నాయి. చోటు ఉన్నా కొత్త ఫైల్ పుట్టకపోతే ‘డీఎఫ్’కు ‘ఐ’ ఆప్షన్ కలిపి ఐనోడ్‌లు (ఒక్కో ఫైల్‌కు ఒకటి చొప్పున కావాల్సిన నమోదు గళ్ళు) అయిపోయాయేమో చూడండి. లక్షల సంఖ్యలో చిన్న చిన్న సెషన్ ఫైళ్ళు పోగుపడిన చోట ఇది తరచూ జరుగుతుంది. ఎక్స్‌టీ4 ఫైల్ వ్యవస్థ మామూలుగా 5 శాతం చోటును రూట్ యూజర్ కోసం అట్టేపెడుతుంది, అందువల్ల రూట్‌కు ఖాళీ ఉన్నా మిగిలినవారికి నిండినట్టే. డాకర్ ఉన్న యంత్రాల్లోనైతే నేను మొదట అనుమానించేది కంటైనర్ లాగ్‌లనే. అది మామూలుగా వాడే జేసన్ ఫైల్ పద్ధతిలో లాగ్‌కు గరిష్ఠ పరిమాణమే ఉండదు. ‘మ్యాక్స్ సైజ్’, ‘మ్యాక్స్ ఫైల్’ అన్న రెండు అమరికలను మీరే ఇవ్వాలి.

కంటైనర్ అంటే చిన్న వర్చువల్ మెషీనేనా?

కాదు. వర్చువల్ మెషీన్‌కు తన సొంత కెర్నల్ ఉంటుంది. కంటైనర్ మాత్రం హోస్ట్ (అది ఉన్న అసలు యంత్రం) కెర్నల్ మీదే నడిచే మామూలు ప్రాసెస్. దానికి చుట్టూ ఏమేమి కనబడాలో నేమ్‌స్పేస్‌లు నిర్ణయిస్తాయి, ఎంత వాడుకోవాలో సీగ్రూప్‌లు నిర్ణయిస్తాయి. సీగ్రూప్‌ల పని గూగుల్ ఇంజినీర్లు 2006లో మొదలుపెట్టగా, 2008 జనవరిలో 2.6.24 కెర్నల్‌తో అందరికీ అందింది. 2013లో వచ్చిన డాకర్ ఈ రెండింటినీ ఇమేజ్ అన్న భావనతో జోడించి మామూలు డెవలపర్ చేతికి అందేలా చేసింది.

ఈ తేడా పర్యవేక్షణలో ప్రతి రోజూ ఎదురవుతుంది. 512 ఎంబీ పరిమితి పెట్టిన కంటైనర్ లోపలికి వెళ్ళి ‘ఫ్రీ’ అని కొడితే మామూలుగా హోస్ట్ మెమరీ మొత్తం, ఉదాహరణకు 64 జీబీ, కనబడుతుంది. పాత జావా వెర్షన్లు అదే నమ్మి తమ హీప్‌ను (డేటా ఉంచుకునే మెమరీని) దానికి తగ్గట్టు పెంచుకుని, పరిమితి దాటి చచ్చిపోయేవి. జావా 10లోనూ, తరువాత జావా 8కు వచ్చిన 191వ అప్‌డేట్‌లోనూ ఇది సరిదిద్దారు. కాబట్టి కంటైనర్ వాడకాన్ని లోపలి నుంచి కాకుండా సీగ్రూప్ ఇచ్చే లెక్కల నుంచే తీసుకోండి.

మా కంటైనర్ 137 అన్న కోడ్‌తో ఆగిపోతోంది. లాగ్‌లో ఏమీ లేదు. ఎందుకు?

128కి 9 కలిపితే 137. అంటే 9వ సిగ్నల్ అందుకుని ఆగిపోయింది. ఆ సిగ్నల్‌ను ప్రోగ్రామ్ పట్టుకోలేదు కనుక చివరి మాట రాసుకునే అవకాశం కూడా దానికి ఉండదు, అందుకే లాగ్ ఖాళీ. ఎక్కువ సందర్భాల్లో ఇది మెమరీ పరిమితి దాటినందుకు కెర్నల్‌లో మెమరీ చాలనప్పుడు ప్రాసెస్‌లను ఆపేసే ఓఓఎమ్ కిల్లర్ చేసిన పని. హోస్ట్ మీద ‘డీమెసేజ్’లో ఆ వివరం ఉంటుంది. 143 అయితే అది 15వ సిగ్నల్, అంటే ఎవరో మర్యాదగా ఆగమన్నారని అర్థం, దాన్ని చూసి కంగారు పడనవసరం లేదు.

సీపీయూ వాడకం 30 శాతం దాటడం లేదు, అయినా సర్వీస్ నత్తనడక నడుస్తోంది. కారణం ఏమిటి?

కంటైనర్‌కు సీపీయూ పరిమితి పెట్టి ఉంటే, థ్రాటిలింగ్‌ను (పరిమితి అయిపోగానే బలవంతంగా ఆపి ఉంచడాన్ని) అనుమానించండి. కెర్నల్ ఈ పరిమితిని సాధారణంగా 100 మిల్లీసెకన్ల వాయిదాల్లో లెక్కిస్తుంది. ఒక సీపీయూ పరిమితి అంటే ఒక్కో వాయిదాకు 100 మిల్లీసెకన్ల సీపీయూ సమయం. మీ ప్రోగ్రామ్‌లో ఎనిమిది థ్రెడ్‌లు ఒక్కసారిగా ఎనిమిది కోర్ల మీద పని మొదలుపెడితే ఆ రేషన్ 12.5 మిల్లీసెకన్లలో ఖర్చయిపోతుంది, మిగతా 87.5 మిల్లీసెకన్లు కంటైనర్ మొత్తం ఆగి ఉండాల్సిందే. తరువాత కొన్ని వాయిదాల్లో పనేమీ లేకపోతే నిమిషం సగటు తక్కువగానే వస్తుంది. గ్రాఫ్ చూసినవారు అంతా ప్రశాంతంగా ఉందనుకుంటారు, ఆ క్షణంలో వచ్చిన వినియోగదారుడు మాత్రం ఎదురుచూస్తూనే ఉంటాడు. సీగ్రూప్‌లోని ‘సీపీయూ.స్టాట్’ ఫైల్‌లో ఎన్ని వాయిదాల్లో థ్రాటిల్ అయిందో లెక్క ఉంటుంది, దాన్ని తప్పకుండా గ్రాఫ్‌గా పెట్టుకోండి.

సగటు స్పందన సమయం బాగానే ఉంది, ఫిర్యాదులు మాత్రం ఆగడం లేదు. ఎవరిని నమ్మాలి?

ఫిర్యాదు చేస్తున్నవారిని. వంద అభ్యర్థనల్లో 99 ఒక్కొక్కటి 50 మిల్లీసెకన్లలో, ఒకటి 10 సెకన్లలో పూర్తయితే సగటు సుమారు 150 మిల్లీసెకన్లు వస్తుంది. ఆ అంకె ఏ ఒక్కరి అనుభవమూ కాదు. ఒక పేజీ తెరుచుకోవడానికి వెనుక ముప్పై అభ్యర్థనలు వెళతాయనుకుంటే, వంద పేజీల్లో సుమారు 26 పేజీలకు ఆ పది సెకన్ల దెబ్బ తగులుతుంది. అందుకే 95వ, 99వ పర్సంటైల్‌లను, అంటే 95 శాతం, 99 శాతం అభ్యర్థనలు ఎంత సమయం లోపు పూర్తయ్యాయన్న అంకెలను చూడాలి. వేరువేరు సర్వర్ల పర్సంటైల్‌లను కలిపి సగటు తీయడం మరో సాధారణ తప్పు, హిస్టోగ్రామ్ లెక్కలను కూడిన తరువాతే పర్సంటైల్ తీయాలి.

పర్యవేక్షణ సాధనాలైన జాబిక్స్, ప్రొమిథియస్‌లలో ఏది ఎంచుకోవాలి?

యంత్రాలు స్థిరంగా, వాటి పేర్లు ఏళ్ళ తరబడి మారకుండా ఉంటే జాబిక్స్ హాయిగా సరిపోతుంది. కంటైనర్లు గంటకోసారి పుట్టి పోయేచోట ప్రొమిథియస్ నయం. 2012లో సౌండ్‌క్లౌడ్ సంస్థలో మొదలైన ఈ సాధనం 2016లో, కంటైనర్లను చాలా యంత్రాల మీద నడిపించే కుబర్నెటీస్ తరువాత రెండవ ప్రాజెక్టుగా క్లౌడ్ నేటివ్ కంప్యూటింగ్ ఫౌండేషన్‌లో చేరింది. ఇది తానే ప్రతి లక్ష్యం దగ్గరికీ వెళ్ళి అంకెలు తెచ్చుకుంటుంది కనుక, లక్ష్యం పలకకపోవడం కూడా దానికి ఒక సమాచారమే అవుతుంది. అయితే ప్రత్యేకంగా చెప్పకపోతే ఇది 15 రోజుల చరిత్రను మాత్రమే ఉంచుకుంటుంది. పోయిన ఏడాది ఇదే నెలతో పోల్చాలనుకునేవారు ముందే ఏర్పాటు చేసుకోవాలి. అంకెలకు తగిలించే లేబుల్‌లలో యూజర్ ఐడీ వంటివి పెట్టకండి. ఒక్కో విలువకు ఒక్కో కొత్త వరుస పుట్టి ప్రొమిథియస్ మెమరీయే నిండిపోతుంది.

మా చిన్న సంస్థకు కుబర్నెటీస్ అవసరమా?

రెండు మూడు సర్వర్లలో నడిచే నాలుగైదు సర్వీసులైతే అవసరం లేదని నా గట్టి అభిప్రాయం. లినక్స్‌లో సర్వీసులను నడిపే సిస్టమ్‌డీ యూనిట్‌లతోనో డాకర్ కంపోజ్‌తోనో చక్కగా నడుస్తాయి.

కుబర్నెటీస్ క్లస్టర్‌ను నడిపించే కంట్రోల్ ప్లేన్‌కు నాలుగు నోడ్‌లు (యంత్రాలు) ఉంటే మూడింటికంటే భద్రం కదా?

అనిపిస్తుంది కానీ కాదు. క్లస్టర్ స్థితిని దాచే ఈటీసీడీ ప్రతి మార్పుకూ మెజారిటీ సభ్యుల ఒప్పుదల కోరుతుంది. ముగ్గురిలో మెజారిటీ ఇద్దరు, ఒకరు పోయినా నడుస్తుంది. నలుగురిలో మెజారిటీ ముగ్గురు, అక్కడ కూడా ఒకరు పోయినంతవరకే నడుస్తుంది, పైగా పాడయ్యే అవకాశం ఉన్న యంత్రాలు ఒకటి పెరిగాయి. ఐదుగురైతే ఇద్దరు పోయినా ఇబ్బంది లేదు. ఈటీసీడీకి డిస్క్ మీద రాత వేగం ప్రాణం. నెమ్మది డిస్క్ మీద పెట్టిన క్లస్టర్‌లో నాయకుడు పదే పదే మారుతూ ఉంటే నెట్‌వర్క్‌ను తిట్టే ముందు డిస్క్ మీద రాతను ఖాయం చేసే ‘ఎఫ్‌సింక్’ సమయాన్ని చూడండి.

ఒక నోడ్ ఆగిపోతే దాని పాడ్‌లు (కుబర్నెటీస్ కలిపి నడిపే కంటైనర్ల చిన్న గుంపులు) మరో చోటికి వెళ్ళడానికి ఐదారు నిమిషాలు ఎందుకు పడుతోంది?

నోడ్ నుంచి కబురు ఆగిన తరువాత, వెర్షన్‌ను బట్టి 40 లేదా 50 సెకన్లు చూసి, కుబర్నెటీస్ దాన్ని సిద్ధంగా లేనిదిగా గుర్తిస్తుంది. ఆపైన ప్రతి పాడ్‌కూ మామూలుగా 300 సెకన్ల ఓపిక గడువు ఉంటుంది. చిన్న నెట్‌వర్క్ కుదుపుకే వందల పాడ్‌లను తరలించకూడదన్న జాగ్రత్త ఇది. ఒక్క నిమిషం కూడా ఆగకూడని సర్వీస్‌కు ఈ గడువు తగ్గించవచ్చు, అంతకంటే మంచి దారి రెండు మూడు పాడ్‌లను వేరువేరు నోడ్‌ల మీద ముందే నడపడం.

పాడ్ తానే పదే పదే పడిపోతుంటే 10, 20, 40 సెకన్లంటూ రెట్టింపవుతూ మామూలుగా 5 నిమిషాల వరకు విరామం పెరుగుతుంది. అప్పుడు ఇప్పటి లాగ్ కాకుండా ‘ప్రీవియస్’ ఆప్షన్‌తో పోయిన కంటైనర్ లాగ్ చూడండి. పాడ్ బతికే ఉందా అని చూసే లైవ్‌నెస్ ప్రోబ్‌లో డేటాబేస్‌ను పలకరించే పొరపాటు మాత్రం చేయకండి. డేటాబేస్ కాసేపు నెమ్మదిస్తే, ఆరోగ్యంగా ఉన్న పాడ్‌లన్నీ ఒకేసారి రీస్టార్టై, అన్నీ కలిసి దాని మీదే పడతాయి.

క్లస్టర్ అంటే కుబర్నెటీస్ ఒక్కటేనా?

కాదు. శాస్త్రీయ గణనకు వాడే క్లస్టర్ల చరిత్ర అంతకంటే పాతది. 2017 నవంబర్ నుంచి టాప్500 జాబితాలోని సూపర్‌కంప్యూటర్లన్నీ లినక్స్ మీదే నడుస్తున్నాయి. మన దగ్గర జాతీయ సూపర్‌కంప్యూటింగ్ మిషన్ కింద ఐఐటీ హైదరాబాద్‌లో ఏర్పాటైన పరమ్ సేవ ఈ కోవలోదే. ఇలాంటి చోట ఒక్క పని వంద నోడ్‌ల మీద కలిసి నడుస్తుంది, ఒక్క నోడ్ వేడెక్కి నెమ్మదిస్తే మిగతా 99 దాని కోసం ఆగుతాయి. కాబట్టి ‘నడుస్తోందా’ అన్న ప్రశ్న చాలదు, ‘పక్కవాటితో సమంగా నడుస్తోందా’ అని అడగాలి.

అర్ధరాత్రి నడవాల్సిన క్రాన్ పని (నిర్ణీత సమయానికి దానంతట అదే నడిచే పని) తెల్లవారుజామున 5:30కి నడుస్తోంది. ఎందుకు?

సర్వర్ గడియారం యూటీసీలో ఉంది, మీరు భారత కాలమానంలో ఆలోచించారు. మన అర్ధరాత్రి యూటీసీలో ముందురోజు సాయంత్రం 18:30. సర్వర్లన్నిటినీ యూటీసీలోనే ఉంచి, మనుషులు చూసే తెర మీద మాత్రమే స్థానిక కాలానికి మార్చడం మేలు. హైదరాబాద్‌లో కొందరు, న్యూజెర్సీలోనో డాలస్‌లోనో కొందరు కలిసి పనిచేసే బృందాలకు ఇది మరీ అవసరం. అమెరికా స్థానిక కాలంలో ఉంచిన సర్వర్‌లో గడియారం ముందుకు జరిగే మార్చి రాత్రి రెండు గంటలకూ మూడు గంటలకూ మధ్య సమయమే ఉండదు, నవంబర్‌లో వెనక్కి జరిగే రాత్రి ఒక గంట రెండుసార్లు వస్తుంది. సమయం సరిచేసే క్రోనీ ప్రోగ్రామ్‌తో గడియారాలను సరిచూస్తూ ఉండండి. రెండు యంత్రాల మధ్య కొన్ని సెకన్ల తేడా ఉన్నా లాగ్‌లలో ఏది ముందో ఏది వెనకో తేలదు.

రోజుకు రెండు వందల అలర్ట్‌లు వస్తున్నాయి. ఎవరూ చూడడం లేదు. ఏం చేయాలి?

చూడకపోవడం మనుషుల తప్పు కాదు. మనిషిని నిద్ర లేపే అలర్ట్‌కు రెండు షరతులు ఉండాలి: వినియోగదారుడికి ఇప్పుడు ఇబ్బంది కలుగుతూ ఉండాలి లేదా కొద్ది గంటల్లో కలగబోతూ ఉండాలి, లేచినవారు చేయగల పని ఒకటి ఉండాలి. సీపీయూ 90 శాతం దాటింది అన్నది ఈ రెండింటిలో దేనికీ నిలవదు, అది పగలు చూసుకునే విషయం. ‘ఇదే వేగంతో పోతే నాలుగు గంటల్లో డిస్క్ నిండుతుంది’ అన్నది రెండింటికీ నిలుస్తుంది.

అలర్ట్ పంపే వ్యవస్థే ఆగిపోతే ఆ సంగతి చెప్పేవారు ఉండరన్నది మరిచిపోకండి. అందుకే ప్రతి నిమిషం ‘నేను ఉన్నాను’ అనే సంకేతాన్ని బయటి సేవ ఒకదానికి పంపించి, అది ఆగితే ఆ సేవ మనకు ఫోన్ చేసే ఏర్పాటు ఉండాలి.

బ్యాకప్ ప్రతి రాత్రి తీస్తున్నాం. దాన్ని కూడా పర్యవేక్షించాలా?

అన్నిటికంటే ముందు దాన్నే. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజినీర్ పొరపాటున అసలు డేటాబేస్ సర్వర్ మీదే డేటా ఫోల్డర్‌ను తొలగించారు. ఆపేలోపు సుమారు 300 జీబీలో 4.5 జీబీ మాత్రమే మిగిలింది. రోజువారీ బ్యాకప్ కోసం వెళితే అక్కడ ఏమీ లేదు. పోస్ట్‌గ్రెస్ వెర్షన్లు సరిపడక ఆ పని విఫలమవుతూ వచ్చింది. ఆ వైఫల్యాన్ని చెప్పే ఈమెయిల్‌లనేమో స్వీకరించే సర్వర్ తిరస్కరిస్తూ వచ్చింది. అదృష్టవశాత్తూ ఆరు గంటల ముందు ఒకరు చేతితో తీసిన స్నాప్‌షాట్ ఉండబట్టి నష్టం అంతటితో ఆగింది. ఆ సంస్థ ఇదంతా దాచకుండా ప్రపంచానికి చెప్పడం నిజంగా గౌరవించదగిన పని.

అందుచేత ‘విఫలమైతే చెప్పు’ అన్న అలర్ట్ మీద ఆధారపడకండి. చివరిసారి విజయవంతమైన బ్యాకప్ వయసు ఎన్ని గంటలు, దాని పరిమాణం నిన్నటితో పోలిస్తే ఎంత అన్న రెండు అంకెలను గమనిస్తూ, నెలకొకసారి వేరే యంత్రం మీద పునరుద్ధరించి కొన్ని వరుసలు చదివి చూడండి. సర్టిఫికెట్ల గడువుకూ ఇదే శ్రద్ధ కావాలి. కుబర్నెటీస్‌ను అమర్చే కుబ్‌అడ్మిన్‌తో పెట్టిన క్లస్టర్‌లో లోపలి సర్టిఫికెట్లకు మామూలుగా ఒక ఏడాదే ఆయుష్షు.

భద్రతకూ పర్యవేక్షణకూ సంబంధం ఉందా?

2024 మార్చి 29న బయటపడిన ఎక్స్‌జెడ్ ఉదంతం చూడండి. దాదాపు అన్ని లినక్స్ పంపిణీల్లో ఉండే ఒక కుదింపు లైబ్రరీ 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఎవరో ఎస్ఎస్‌హెచ్ ద్వారా చొరబడే దొడ్డిదారి పెట్టారు. పోస్ట్‌గ్రెస్ డెవలపర్ ఆండ్రెస్ ఫ్రోయిండ్ దాన్ని పట్టుకున్నది భద్రతా సాధనంతో కాదు. తన యంత్రంలో ఎస్ఎస్‌హెచ్ లాగిన్‌లు సుమారు అర సెకను ఆలస్యం కావడం, సీపీయూ ఎక్కువగా ఖర్చు కావడం ఆయనకు వింతగా తోచి, దాని మూలం దాకా వెళ్ళారు. మామూలు రోజున లాగిన్ ఎంతసేపు పడుతుందో తెలిసినవారికే ఆ అర సెకను తేడా కంటికి ఆనుతుంది.

ఇవన్నీ ఇంట్లో నేర్చుకోవడం ఎలా?

4 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్ చాలు. డెబియన్ పెట్టి, యంత్రం అంకెలు అందించే నోడ్ ఎక్స్‌పోర్టర్, ప్రొమిథియస్, గ్రాఫ్‌లు గీసే గ్రఫానా ఎక్కించి, ఒక రోజంతా గ్రాఫ్‌లు అలవాటు చేసుకోండి. తరువాత మీరే చెడగొట్టండి: ‘స్ట్రెస్ ఎన్‌జీ’తో మెమరీ నింపి ఓఓఎమ్ కిల్లర్ ఎవరిని ఎంచుకుందో చూడండి, డాకర్ కంటైనర్‌కు 64 ఎంబీ పరిమితి పెట్టి 137 తెప్పించుకోండి. ఒక టెర్మినల్‌లో ‘టెయిల్’కు ‘ఎఫ్’ ఆప్షన్ కలిపి పెద్ద ఫైల్ ఒకటి తెరిచి ఉంచి, మరో టెర్మినల్‌లో ‘ఆర్‌ఎమ్’తో దాన్ని తీసేసి, ‘డీఎఫ్’ కదలకపోవడం చూడండి. ఆపైన ‘టెయిల్’ను ఆపి, మళ్ళీ ‘డీఎఫ్’ కొట్టండి.